ఎర్రగా మొదలయ్యే నెలలు

పొయ్యి వెలిగించకముందే ఒర్తెన్సియా ఫోనులో కొట్టు అమ్మకాల లెక్క చూపే డ్యాష్‌బోర్డు తెరిచింది. పోయిన నెల కడ్డీ ఆకుపచ్చగా నిలువెత్తున ఉంది. పక్కన ఈ నెలది ఎర్రగా, అందులో పావు వంతు కూడా లేదు. కోకా ఆకు టీ చల్లారిపోతున్నా ముట్టుకోలేదు. వాకిలి దాకా వెళ్లి వచ్చి మళ్లీ ఫోను చూసింది.

కొచబాంబా ఊళ్లో కజ్జికాయల్లాంటి సల్తేన్యాలు అమ్మే వాళ్ల కొట్టుకు మంచి పేరు. మాంసం, పులుసు నింపి అంచులు జడలా అల్లేది ఆడపడుచు బేనిగ్నా. అమ్మకాలు పడిపోవడానికి ఆమె నిదానమే కారణమని ఒర్తెన్సియా తేల్చుకుంది. అంచులు నొక్కే యంత్రం తెప్పిస్తున్నానని, ఇక విశ్రాంతి తీసుకోమని నిన్ననే చెప్పేసింది. బేనిగ్నా ఇవాళ్టి పని అయ్యాక ఒరూరోలో చెల్లెలింటికి పోతానని మేనకోడలు సుల్మాతో మాత్రం అంది.

సుల్మా వచ్చి తల్లిని నిలదీసింది.

"అత్తయ్యని పంపేసి కొట్లో ఏం అమ్ముతావమ్మా?"

"నన్నంటావేమే? నువ్వు చేసిన బోర్డే చెప్తోందిగా. నెల మొదలైతే చాలు, గుండెల్లో దడ. నెలాఖరుకి గానీ కంటిమీద కునుకు రాదు."

"ప్రతి నెలా అంతేనా?"

"ప్రతి నెలా అంతే."

సుల్మా ఫోను లాక్కుంది. బోర్డు చేసేటప్పుడు రంగులనీ అక్షరాలనీ ఎంతో ఓపికగా దిద్దుకుంది గానీ, నిండిన నెల పక్కన ఇప్పుడే మొదలైన నెలని నిలబెట్టకూడదని తనకు తట్టలేదు. పోయిన నెలలోనూ మొదటి వారం మాత్రమే తీసి పక్కన పెట్టింది. ఈ నెల కడ్డీయే కాస్త పొడుగు.

"తప్పు నాదమ్మా. వారాన్ని తెచ్చి నెలతో పోల్చాను. అమ్మకాలేం తగ్గలేదు."

ఒర్తెన్సియా ఆ రెండు కడ్డీలనూ మార్చి మార్చి చూసింది. "అయితే వదినని ఊరికే..." అంటూనే లేచింది.

వంటగదిలో బేనిగ్నా తలెత్తకుండా అంచులు అల్లుతోంది. ఒర్తెన్సియా ఎదురుగా కూర్చుని యంత్రం వద్దనుకున్నామంది. పొరపాటంతా ఆ బోర్డుదేనని చెప్పబోయింది.

"బోర్డు సంగతి నాకెందుకు?" అంది బేనిగ్నా మెల్లగా. "నేను పక్క గదిలోనే ఉన్నాను. నన్నొక్క మాట అడగొచ్చుగా."

ఒర్తెన్సియా పిండి అంటిన ఆ చేతులు పట్టుకుని ఏడ్చేసింది. బేనిగ్నా చేతులు వెనక్కి తీసుకోలేదు.

"చాల్లే, బయట జనం నిలబడ్డారు. పోయి తలుపు తియ్యి," అంది చివరికి. "రేపటికి పిండి ఎంత కలపాలో సాయంత్రం నన్నడుగు."