పసుపు కింద నంబరు

కాగితాలు పోయాయి, గోపాలకృష్ణ మాస్టారి మొహం తెల్ల కాగితమైంది. మంగళగిరిలో డిటెక్టివ్ జ్ఞానప్రసూనాంబ గారి ఆఫీసులోకి ఆయన చెప్పులు విప్పడం కూడా మరిచిపోయి వచ్చారు.

భార్య పోయి రెండేళ్లు. అప్పట్నుంచీ ఆ అద్దె ఇంట్లో కదిలేది గడియారం ముల్లొక్కటే. అందుకే ఆయన కదిలే ఇల్లే కొనాలనుకున్నారు: మంచం, గ్యాస్ పొయ్యి, కుళాయి ఉన్న సెకండ్ హ్యాండ్ మోటార్‌హోమ్. చీరాల నుంచి శరత్‌చంద్ర అనే అమ్మకందారు వారం వాడి చూడమని బండిని ఆయన వాకిట్లో వదిలాడు. మాస్టారు ఇల్లు ఖాళీ చేస్తానని చెప్పేశారు, సామాను పంచేశారు. రేపే పేరు మార్పిడి. ఈ ఉదయం చూస్తే బండి అలమరలో ఫైలుంది, లోపల కాగితాల్లేవు.

"ఉన్న ఇల్లూ లేదు, కొన్న ఇల్లూ లేదమ్మా నాకు," అన్నారాయన.

అసిస్టెంట్ ఉదయ్ కుమార్ మేడం చూసినవన్నీ చూస్తాడు, ఆవిడకు కనిపించేది మాత్రం అతనికి కనిపించదు. బండి దగ్గర ఆవిడ ముందు ఖాళీ ఫైలు దారం చూశారు. ఆవగింజంత ముడి, కొసలు కత్తిరించి ఉన్నాయి. మాస్టారు వేసేది జారుముడిట.

తర్వాత ఆవిడ కొంగు దోపి బండి కిందకి దూరారు. చక్రాల మీది బొట్లు ఎప్పుడో వెలిసిపోయాయి. ఇనుప చట్రం మీద చాసిస్ నంబరుండే చోట మాత్రం పసుపు మందంగా, తాజాగా ఉంది.

"తుడిచి చూశారా మాస్టారూ?"

"శరత్‌చంద్ర పూజ చేసి తెచ్చిన పసుపు తుడుస్తామా తల్లీ? మాది పౌరోహిత్యం చేసే ఇల్లు."

బండి తాళంచెవి ఇంటి గుమ్మం పక్క మేకుకే ఉంటుంది. నిన్న కుళాయి బాగుచేసిన మెకానిక్ మాలిక్, అలమర జోలికి పోలేదన్నాడు. రోజూ కాఫీ తెచ్చే పక్కింటి కోటేశ్వరి, మగ్గం నేసుకు బతికే ఒంటరి మనిషి, నేల చూస్తూ తెలియదంది. శరత్‌చంద్రకి ఫోన్ చేస్తే కాగితాలెలా పోయాయని అడగనే లేదు, డూప్లికేట్లు తెప్పిస్తాను, ముందు సంతకాలు కానివ్వమన్నాడు.

మధ్యాహ్నం, చీరాల నుంచి శరత్‌చంద్రతో సహా, అందర్నీ వాకిట్లోకి పిలిపించారు ప్రసూనాంబ గారు.

"కాగితాలు తీసినవాళ్లకి బండి అక్కర్లేదు, మాస్టారు వెళ్లకుంటే చాలు. తెగిన పోగుని రోజుకి వందసార్లు అతికే చేతి ముడి ఇది. కోటేశ్వరి గారూ, ఎక్కడ పెట్టారు?"

కోటేశ్వరి వెళ్లి, మగ్గం గుంటలోంచి గుడ్డమూట తెచ్చి మాస్టారి ముందు పెట్టింది.

"పొద్దున్నే నేను మగ్గం మొదలెట్టగానే గోడకవతల మీరు దగ్గుతారు మాస్టారూ. అది వింటేనే ఈ వీధిలో ఇంకో మనిషి ఉన్నట్టుంటుంది నాకు."

మాస్టారు మూట విప్పకుండా ఆ గోడ వైపు చూశారు. శరత్‌చంద్ర మాత్రం కులాసాగా, దొంగ దొరికింది కదా, సంతకాలు పెట్టేద్దామన్నాడు.

"ఒక దొంగే దొరికింది," అన్నారావిడ.

దణ్ణం పెట్టుకుని తడిగుడ్డతో పసుపు తుడిచారు. రవాణా ఆఫీసులో చేసినట్టే నంబరు మీద తెల్ల కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దించారు ఉదయ్ చేత. అచ్చులో చివర 273. మూటలోని రిజిస్ట్రేషన్ కాగితంలో 618.

"కాగితం ఒక బండిది, ఇనుము ఇంకో బండిది, అంటే ఇది దొంగబండి. పైగా కాగితంలో ఇది స్కూలు బస్సు. ఇల్లుగా మార్చడానికి అనుమతి ఎక్కడా ఎక్కలేదు. భక్తిగల ఇంటివాళ్లు పసుపు తుడవరని నీకు తెలుసు శరత్‌చంద్రా. నువ్వు చేసింది పూజ కాదు, పూత. సంతకం కాగానే నువ్వు మాయం, పోలీసులు ఆపేనాటికి లోపలుండేది మాస్టారు."

శరత్‌చంద్ర గేటు వైపు నడిచాడు. అక్కడ మాలిక్ పానా పట్టుకుని నిలబడ్డాడు. ఉదయ్ అప్పటికే పోలీసులకి ఫోన్ చేస్తున్నాడు.

సాయంత్రానికి పోలీసులు బండిని తీసుకెళ్లిపోయారు. వాకిట్లో టైర్ల గుర్తులు మిగిలాయి. మాస్టారు ఖాళీ గదిలో గోడకానుకుని కూర్చున్నారు. ఇంటి ఓనరుకి ఫోన్ చేసి, ఇల్లు ఖాళీ చేయడం లేదన్నారు.

గోడకవతల మగ్గం మొదలైంది, రెండు దెబ్బలు పడి ఆగింది.

మాస్టారు గొంతు సవరించుకుని, రాని దగ్గు ఒకటి దగ్గారు.