ఒంటికాలి పరీక్ష

"పిల్ల పరుగు బాగుందండీ. కానీ కళ్లు మూసుకుని ఒంటికాలి మీద పది సెకన్లు నిలబడలేకపోయింది. అకాడమీ సెలక్షన్ లిస్టులో పేరు రాయలేను," అంది ఫిజియో, పెన్నుకి మూత పెట్టేస్తూ.

కోచ్‌కి ఒళ్లు మండింది. "మా అక్క కూతురని చెప్పడం కాదు మేడమ్. ఈ బ్యాచ్‌లో దాన్ని అందుకునేవాళ్లే లేరు. కొంగలా నిలబడితేనా మెడల్స్ ఇచ్చేది?"

"దూకి దిగినప్పుడు మోకాలు లోపలికి వాలిపోతోంది. మెదడు చెప్పింది కండరం టైముకి వినట్లేదు. ఇలాగే పరిగెత్తిస్తే పదహారేళ్లకి మోకాలు పోతుంది. అప్పుడు మీరొచ్చి పట్టుకుంటారా?"

కోచ్ చెయ్యి తన మోకాలి మీదికి పోయింది. పంతొమ్మిదో ఏట అతని మోకాలు అచ్చం అలాగే పోయింది. అతన్ని మాత్రం ముందే ఆపినవాళ్లు లేరు.

"లిస్టు ఎప్పుడు మూస్తారు?"

"ఆరు వారాల్లో."

"అయితే ఆరు వారాలూ నేర్పండి. నేను వదిలేది లేదు."

"ముందు మీరు చెయ్యండి. మీకు రానిది పిల్లకేం చెప్తారు?"

మర్నాటి నుంచి తెల్లారేసరికి ముగ్గురూ జిమ్‌లో ఉండేవాళ్లు. కోచ్ కళ్లు మూసుకోవడం, నాలుగు లెక్కపెట్టేలోపే చాప మీద దభీమని పడటం. మేనకోడలు పడీపడీ నవ్వేది. ఫిజియో నవ్వాపుకోవడానికి కిటికీలోంచి వాన చూసేది. వాన లేని రోజు కూడా చూసేది.

ఆరో వారం మళ్లీ పరీక్ష పెడితే, పిల్ల మోకాలు మళ్లీ వాలింది. కోచ్ మొహంలో నెత్తురుచుక్క లేదు.

ఫిజియో మాత్రం వణుకుతున్న ఆ పిక్కల్నే చూస్తోంది. "పొద్దున్న ఏం చేయించారు?"

"ఒళ్లు వేడెక్కాలని... గ్రౌండ్ చుట్టూ ఆరు రౌండ్లు."

"మొదటిసారీ అంతేనా?"

అతను తలొంచుకుని ఊఁ అన్నాడు.

"అలిసిన కాలు ఎవరి మాటా వినదండీ. మీరు చెప్పలేదు, అడగడం నా పని, నేనూ అడగలేదు." ఆ తప్పు తన పేరుతోనే అకాడమీ డైరెక్టర్‌కి రాసి, రెండు రోజులు గడువు తెచ్చింది.

రెండు రోజులు పిల్లని పరిగెత్తనివ్వలేదు. మూడోనాడు ముప్పై సెకన్లు కదలకుండా నిలబడింది. దూకితే మోకాలు తిన్నగా దిగింది. ఫిజియో లిస్టులో పేరు రాసి ఫైలు మూసేసింది.

లిస్టు చూడటానికొచ్చిన కోచ్ వాళ్లక్క, కూతుర్ని హత్తుకుని, ఫిజియోతో అంది. "మా తమ్ముడు ఇంట్లో కూడా ఒంటికాలి మీద నిలబడి గోడ వైపు నవ్వుకుంటున్నాడమ్మా. వాణ్ణి కూడా కాస్త బాగుచెయ్యి, నీకు పుణ్యముంటుంది."

కోచ్ గబుక్కున చాప ఎక్కి, కళ్లు మూసుకుని కాలెత్తాడు. "కళ్లు తెరిచి అడిగే ధైర్యం లేదు మేడమ్. నన్ను పెళ్లి చేసుకుంటారా?"

ఇరవై సెకన్లు దాటాయి. కాలు వణికింది.

"మావయ్యా, పడిపోతున్నావ్," అంది మేనకోడలు.

పడబోయేవాడల్లా ఆగాడు. అతని చెయ్యి ఎవరో గట్టిగా పట్టుకున్నారు.

"పరీక్షలో పట్టుకోకూడదు కదా మేడమ్?" అన్నాడు, కళ్లు తెరవకుండానే.

"లిస్టు మూసేశాను కోచ్ గారూ," అంది ఫిజియో. "ఇక నేనూ వదిలేది లేదు."