టంకశాల చేసిన తప్పు

వికారాబాద్ స్టేషన్ ప్లాట్‌ఫారం మీద పొద్దున్నే మన గూఢచారి శాఖ కొరియర్ ఒకడు హత్యకు గురయ్యాడు. సైలెన్సర్ బిగించిన పిస్టల్, ఒకే ఒక్క బుల్లెట్. అతని జేబులోంచి హంతకులు తీసుకుపోయింది మూడు ఐదు రూపాయల బిళ్లలు మాత్రమే.

మధ్యాహ్నానికి ఆ బిళ్లలు తాండూరులోని ఒక నాపరాళ్ల గోడౌన్‌లో, ఏజెంట్ మల్లికార్జున్ ముందు బల్ల మీద ఉన్నాయి. షట్టర్ దించి తాళం వేశారు. కిటికీ అన్నది లేదు. పాత నాణేల వ్యాపారి ఈరయ్య వేషంలో వచ్చిన మల్లికార్జున్‌కు నెరిసిన విగ్గు కింద చెమటలు కారుతున్నాయి. అసలు ఈరయ్యను హెడ్డాఫీస్ వాళ్లు వికారాబాద్‌లోనే ఆపేశారు.

"ఒక బిళ్లలో మైక్రోఫిల్మ్ ఉంది," అన్నాడు విదేశీ ముఠా నాయకుడు విక్టర్, కష్టపడి నేర్చుకున్న తెలుగులో. "టంకశాల పాడుచేసిన బిళ్లలో ఫిల్మ్. మనిషి పాడుచేసిన వాటిలో గ్యాస్. తెరిస్తే కళ్లు పోతాయి. కొరియర్ చెప్పింది అంతే. మావాడు తొందరపడి కాల్చేశాడు. ఏది అసలో నువ్వు చెప్పు. తెరిచేది కూడా నువ్వే."

ఆ ఫిల్మ్‌లో సరిహద్దు అవతల ఉన్న పదకొండు మంది మన ఏజెంట్ల పేర్లున్నాయి. నిజం చెబితే ఆ పదకొండు మందికీ నూకలు చెల్లినట్టే. అబద్ధం చెబితే తన కళ్లు పోతాయి. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆ వెనక విక్టర్ ముఠా మనిషి స్నేహలత కూడా ఉంది. ఎర్ర షిఫాన్ చీర, చేతిలో పిస్టల్.

"నెల రోజులుగా నాణేల పుస్తకాలు చదువుతోంది," అన్నాడు విక్టర్. "నువ్వు తప్పు చెబితే పట్టేస్తుంది."

మల్లికార్జున్ భూతద్దం అందుకున్నాడు. మొదటి బిళ్ల మీద అక్షరాలు సాగి, పలచబడి ఉన్నాయి. రైలు పట్టా మీద పెట్టిన బిళ్ల అది. మిగిలిన రెండూ కొరికిన రొట్టెల్లా ఉన్నాయి, అంచు ఒక పక్క లేదు. రేకు టంకశాలలోనే ఒక పక్క తెగివస్తే, ఆ తెగిన చోటికి సరిగ్గా ఎదుటి అంచుకు అచ్చు ఒత్తిడి అందదు, అక్కడ అంచు గట్టు మొద్దుబారుతుంది. రెండో బిళ్లకు అలాగే ఉంది, అంటే ఫిల్మ్ దానిలోనే. మూడోదాని ఎదుటి గట్టు మాత్రం నిక్కచ్చిగా నిలబడి ఉంది. ఆకురాయితో ఎవరో తీరిగ్గా అరగదీశారు.

మల్లికార్జున్ మూడో బిళ్లే ఎత్తి చూపించాడు.

"గిదే సార్ అసలుది. టంకశాల తప్పు."

స్నేహలత బిళ్ల తీసుకుని, భూతద్దంలో అటూ ఇటూ తిప్పి చూసింది. ఎదుటి గట్టు దగ్గర ఆగింది. మల్లికార్జున్ ఇంటిదేవుడు బీరప్పను తలుచుకున్నాడు.

"కరెక్టే చెప్పిండు," అందామె.

విక్టర్ పిస్టల్ తీసి రెండడుగులు వెనక్కి జరిగాడు. "తెరువు."

మల్లికార్జున్ ఊపిరి బిగబట్టి అంచు పట్టుకుని తిప్పాడు. లోపల బుస్సుమంది. మరుక్షణం బిళ్లను విక్టర్ ముఖం మీదికి విసిరి, కళ్లు మూసుకుని బల్ల కిందికి దూకాడు. ఒక కేక, ఒక తుపాకీ పేలుడు వినిపించాయి. ఆ తర్వాత తాళం తీసిన చప్పుడు, షట్టర్ లేచిన చప్పుడు. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని స్నేహలత అతన్ని బయటికి లాగింది. లోపల విక్టర్ చేతిలో పిస్టల్ లేదు, ఆమె కాల్చిన ఆ చెయ్యి రక్తంతో తడిసిపోయింది. రెండో బిళ్ల మల్లికార్జున్ గుప్పిట్లో భద్రంగా ఉంది.

"కోట్‌పల్లి చెరువు నిండిందా?" అడిగిందామె.

అది డిపార్ట్‌మెంట్ కోడ్. మల్లికార్జున్ నోరు తెరిచాడు.

"నిండి మత్తడి దుంకుతుంది... మీరు మనోళ్లేనా మేడం! మరి నా అబద్ధం ఎట్ల కనిపెట్టిన్రు?"

"ఏడ కనిపెట్టిన? గా పుస్తకాలు తెరిస్తే నాకు నిద్ర ముంచుకొస్తది. మీరేది జూపిస్తే గదే కరెక్ట్ అందామనుకున్న."

"నేను నిజం జెప్పి ఉంటే?"

"నిజం జెప్పెటోళ్లను హెడ్డాఫీస్ గీ పనికి పంపది గద సార్."