వేపదూలం కింద పెళ్లిచూపులు

పెళ్లిచూపులకు వచ్చినవాడు పెళ్లికూతురిని చూడాలి. జయరాజు మాత్రం దూలాన్ని చూస్తున్నాడు.

లూదియా టీ గ్లాసు అందించి, చాప మీద తల వంచుకుని కూర్చుంది. తల వంచుకున్నా ఆమెకు అన్నీ కనిపిస్తాయి. అతని టీలో పైనుంచి ఒక మట్టిరవ్వ రాలింది. అతను దాన్ని వేలితో తీసి, నలిపి, వాసన చూశాడు. తర్వాత తల పైకెత్తాడు. మళ్లీ దించలేదు.

ఆ మట్టి ఎక్కడిదో లూదియాకు తెలుసు.

"ఏమప్పా, మా మిద్దె అంత బాగుందా?" అన్నాడు ఆమె తండ్రి నతానియేలు. బడిపంతులుగా రిటైరయ్యాక, మూడేళ్ల కిందట ఆళ్లగడ్డలో ఈ పాత మట్టిమిద్దె కొన్నాడు. ఇల్లంటే ఆయనకు ప్రాణం.

"దూలానికి కొత్తగా పెయింట్ ఏసినారా సార్?"

"మీరొస్తాండారనే ఏయిస్తిమి."

జయరాజు లేచి, స్టూలు లాక్కుని ఎక్కి, దూలం మీద వేలి కణుపులతో కొట్టాడు. గోడ దగ్గర గట్టిగా మోగింది. నడుమకొచ్చేసరికి ఖాళీ డబ్బా మీద కొట్టినట్టు వినిపించింది. అతని తల్లి పద్మమ్మ చొక్కా పట్టుకుని లాగింది.

"దిగరా! పిల్లను చూడమని తీసుకొస్తే పైకప్పు చూస్తాండావా?"

అతను దిగలేదు. "సార్, ఇది లోపలంతా డొల్ల. చెదలు తినేసినాయి. నంద్యాలలో చెదలకు మందు కొట్టేదే నా పని. బేగా కింద ఊతాలు పెట్టించండి."

నతానియేలు నవ్వు ఆరిపోయింది. "ఇది వేపదూలం. వేపకు చెద పడతాదా? నువ్వు పిల్లను చూడనీకి వచ్చినావా, మా ఇంటికి వంకలు పెట్టనీకి వచ్చినావా?"

సంబంధం అక్కడితో తెగింది. గడప దాటబోతూ జయరాజు వెనక్కి తిరిగి మొదటిసారి లూదియాను చూశాడు.

"నీ మంచం యాడేస్తారు?"

అందరూ నిర్ఘాంతపోయారు. లూదియా ముఖం మండిపోయింది.

"అది కాదు... దూలం కిందనా, పక్కనా అని..." అతను తడబడ్డాడు. పద్మమ్మ అతన్ని రెక్క పట్టుకుని వీధిలోకి ఈడ్చుకుపోయింది.

తండ్రి ఆ సాయంత్రం అన్నం తినలేదు. లూదియా కూడా సరిగా తినలేకపోయింది. పరువు పోయిందని కాదు. అతను చెప్పింది నిజమేనేమోనన్న భయం.

మూడేళ్లుగా ఆమె చూస్తూనే ఉంది. నేల నుంచి గోడ మీదుగా సన్నటి మట్టిదారి ఒకటి పైకి పాకుతుంది. ప్రతి శనివారం తండ్రి కిరసనాయిలు గుడ్డతో దాన్ని తుడిచి సున్నం పూస్తాడు. తర్వాతి శనివారానికి అది మళ్లీ వస్తుంది. వానాకాలానికి ముందు మిద్దె కారకుండా పైన చౌడుమట్టి పోయిస్తాడు. ఏటేటా బరువు పెరుగుతోంది. ఆ బరువంతా ఆ దూలం మీదే.

దూలం కింద ఉన్నది లూదియా మంచం కాదు. అమ్మది. జీవమ్మకు మోకాళ్లు పట్టేశాయి. ఇద్దరు లేపితే తప్ప లేవలేదు.

మరునాడు తండ్రి బజారుకు పోయినప్పుడు లూదియా స్టూలెక్కింది. పాత గొడుగు ఊచ తీసుకుని దూలానికి గుచ్చింది. పెయింట్ కాగితంలా చిరిగింది. ఊచ ఎక్కడా ఆగకుండా జానెడు లోపలికి పోయింది. బయటికి లాగితే దాని వెంట తెల్లటి పురుగులు పాకుతూ వచ్చాయి. ఆమె అరవకుండా కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఏందే ఆడ?" అంది తల్లి మంచంలోంచి.

"బూజు దులుపుతాండామ్మా."

ఆమె తల్లి మంచాన్ని వాకిలి వైపు లాగింది. తండ్రి వచ్చి మళ్లీ లోపలికి జరిపాడు. "ఆడ జల్లు కొడతాది." ఆమె మళ్లీ లాగింది. ఆయన మళ్లీ జరిపాడు. దూలం వైపు మాత్రం ఆయన ఒక్కసారి కూడా చూడలేదు.

మూడోనాడు ఆకాశం నల్లగా మూసుకొచ్చింది. లూదియా నంద్యాల బస్సెక్కింది.

దారి పొడవునా ఆమె కొంగు ముఖానికి అడ్డంగానే ఉంది. కాదని పంపేసిన పెళ్లికొడుకును వెతుక్కుంటూ ఒంటరిగా పోతున్న పిల్లను ఎవరైనా చూస్తే ఏమంటారు? వెనక సీట్లో ఎవరు దగ్గినా ఉలిక్కిపడింది.

పురుగుమందుల అంగట్లో జయరాజు స్ప్రేయరు విప్పి పెట్టుకుని కూర్చున్నాడు. ఆమెను చూసి మరలు కింద పారేశాడు.

"నువ్వా! ఏందీ, ఈడికొచ్చినావ్?"

"మా అమ్మ మంచం దూలం కిందే ఉంది."

అతను వెంటనే లేచాడు. పక్కనున్న కట్టెల అడితి నుంచి ఊతాలకు నాలుగు సర్వి బాదులు తెచ్చి, ఆళ్లగడ్డ బస్సు మీదకెక్కించి కట్టాడు.

బస్సు కదిలాక అన్నాడు, "మీ నాయనకు తెలుసా?"

"తెలిస్తే కాలిరగ్గొడతాడు."

"నీదా, నాదా?"

"ముందు మీదే."

అతను నవ్వాడు. ఆమెకూ నవ్వొచ్చింది. అంతలో అద్దం మీద తొలి చినుకు పడింది. ఇద్దరి నవ్వులూ ఆగిపోయాయి. బస్సు ఎంత వేగంగా పోయినా ఆమెకు నిలబడినట్టే అనిపించింది.

"మొదట్లోనే పిలిచింటే ఒక్క దినం పని," అన్నాడు జయరాజు. "గోడల చుట్టూ కాలవ తవ్వి మందు పోస్తే చాలు. జనం పురుగు కనపడితే తుడుస్తారు. పుట్ట యాడుందో చూడరు."

ఆళ్లగడ్డలో దిగేసరికి వాన ధారగా పడుతోంది. వాకిట్లో నతానియేలు నిలబడి ఉన్నాడు.

"లూదియా! యాడికి పోయినావే? వీన్ని ఎందుకు..."

"తిట్లు తర్వాత సార్. ముందు అమ్మను బయటికి తెద్దాం."

లోపల, పైన, టప్పుమని ఒక చప్పుడైంది. కొత్త పెయింట్ పెచ్చు ఒకటి జీవమ్మ దుప్పటి మీద పడింది.

అందరికంటే ముందు నతానియేలే పరుగెత్తాడు. తండ్రి తలవైపు, జయరాజు కాళ్లవైపు, నడుమ లూదియా. మంచంతో సహా జీవమ్మను ఎదురింటి ఆదెమ్మ వసారాలోకి చేర్చారు. జయరాజు బాదు ఒకటి భుజాన వేసుకుని మళ్లీ లోపలికి పరుగెత్తబోయాడు.

"పోవద్దు!"

లూదియా అతని చొక్కా రెండు చేతులతో పట్టుకుంది. వీధంతా చూస్తోంది. ఆమె వదల్లేదు.

"ఒక్క బాదు నిలబెడితే..."

"వద్దంటాండా కదా!"

ఆ మాట పూర్తయ్యేలోగా దూలం విరిగింది. ఆ చప్పుడు చెవులకంటే ముందు కాళ్లకు తగిలింది. వాకిలిలోంచి దుమ్ము పొగలా పొంగి వానలో కలిసింది. మంచం ఉన్నచోట మనిషెత్తు మట్టి.

జీవమ్మ పెదవులు ప్రార్థనలో కదులుతున్నాయి.

"నాకు తెలుసు," అన్నాడు నతానియేలు. ఆయన మంచం పక్కన తడి నేల మీద కూలబడ్డాడు. "దూలం డొల్లని ఏడాది నుంచి తెలుసు. చెదపట్టిన ఇంటి పిల్లను ఎవరు చేసుకుంటారని పెయింట్ ఏయిస్తి. నిన్ను బేగా ఈ మిద్దె కిందనుంచి పంపించేస్తే చాలనుకుంటి."

"మరి అమ్మ, నాయనా?"

జీవమ్మ చెయ్యి చాచి ఆయన తల మీద వేసింది.

వాన తగ్గాక జయరాజు మిగిలిన రెండు గదులూ కొట్టి చూసి వచ్చాడు. "అవి గట్టిగుండాయి. బాదులు నిలబెట్టి, గోడల చుట్టూ మందు పోస్తా."

"ఎన్నాళ్లు పనిచేస్తాదప్పా?" అన్నాడు నతానియేలు.

"ఐదేండ్లు. ఐదేండ్లకోసారి నేనొచ్చి చూసిపోతా."

"ఐదేండ్లకోసారేనా?"

అన్నది లూదియా. అనేశాక, ఆ గొంతు తనదేనా అని ఆమే భయపడింది.

జయరాజు ఆమె వైపు, నతానియేలు వైపు చూశాడు. "సార్..."

"నన్నడగొద్దు. నేననుకున్నది ఏది నిలబడింది? దాన్నే అడుగు."

"చెప్పు," అన్నాడు జయరాజు మెల్లగా. "ఎన్నాళ్లకోసారి రావాల?"

"మీరు పోకుంటే మళ్లీ వచ్చే పనే ఉండదు కదా," అంది లూదియా.

ఆదెమ్మ కిసుక్కున నవ్వింది. అవతల కూలిన గదిలో ఇంకా మట్టి రాలుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"ఆ మాటలు తర్వాత," అంది జీవమ్మ మంచంలోంచి. "ముందు ఆ రెండు గదులకు మందు పోయప్పా."