ఎవరి గుంటలో ఎవరి సొరపాదు

“ఏయ్! ఎవరి గుంటల్లో ఏం నాటుతున్నావ్?”

చివరి సొరమొక్క చేతిలో ఉండగా లవకుశ్ తలెత్తి చూశాడు. పొద్దుటినుంచీ గంగ మీద కదలకుండా కూర్చున్న పొగమంచు అప్పుడే పలచబడుతోంది. అందులోంచి ముందు ఒక పార బయటికి వచ్చింది. తరవాత ఆ పార పట్టుకున్న చెయ్యి, ఎర్ర స్వెట్టరు, ముక్కు దాకా చుట్టుకున్న శాలువా, ఆ పైన మండిపోతున్న రెండు కళ్ళు.

“మా గుంటల్లో మా సొర నాటుకుంటున్నానండీ,” అన్నాడు మర్యాదగా.

“మీ గుంటలా? ఓసారి వెనక్కి తిరిగి చూడు.”

తిరిగి చూశాడు. రెల్లుగడ్డి తడకల వరస కనిపించింది. పడమటి గాలి కొట్టకుండా తన చేత్తో కట్టిన తడకలే. అయితే అవి తనకి పడమట ఉండాలి. తూర్పున ఉన్నాయి.

మంచులో పడవ గంగ నడుమ ఇసుకదిబ్బకి ఏ కొసన ఆనిందో చూసుకోలేదని అప్పుడు తట్టింది.

“అంటే...”

“అంటే అవి మీవి. ఇవి మావి. నేనూ మా నాన్నా నడుములు పడిపోయేలా తవ్వి, ఎరువు నింపి పెట్టుకున్నవి. నాన్న నడుం నిజంగానే పడిపోయింది, మంచం మీదున్నాడు. నీ పేరేంటి?”

“లవకుశ్.”

“ఇద్దరి పేరు పెట్టుకుని ఒక్కడికి కూడా కళ్ళు పనిచెయ్యవా? ఈ పని చేసింది లవుడా, కుశుడా?”

అతను మొక్కని చూశాడు, గుంటని చూశాడు, ఆమెని చూశాడు. ఎటు చూస్తే బుర్ర పనిచేస్తుందో అర్థం కాలేదు.

ఆ సొరనారు వాళ్ళమ్మ కైలాసి ప్రాణం. చలి ముదరకముందే ప్లాస్టిక్ సంచుల్లో గింజలు పెట్టి, చీకటి పడగానే గడ్డి కప్పి, ఎండ రాగానే గడ్డి తీసి, పసిపిల్లల్లా పెంచింది. “చలి విరగనీరా, అప్పుడు నాటుదాం,” అని ఆవిడ ప్లాన్. “ముందు నాటితే ముందు కాస్తుంది, మండీలో మనదే మొదటి కాయ,” అని అతని ప్లాన్. పోట్లాడి నెగ్గి, మంచు కూడా లెక్కచెయ్యకుండా పడవెక్కాడు.

“పీకేసి తీసుకుపోతానండీ.”

“పీకు పీకు. సొరవేరు ఒకసారి కదిపితేనే అలుగుతుంది. రెండోసారి కదిపితే చస్తుంది. ఇవన్నీ చచ్చాక మీ ఇంట్లో ఏం చెప్తావ్?”

“మరేం చెయ్యమంటారు?”

ఆమె నడుముకి కట్టుకున్న గుడ్డమూట విప్పింది. లోపల తెల్లటి మొలకలు వచ్చిన ఖర్బూజా గింజలు.

“ఒంటి వెచ్చదనంతో మొలకెత్తించాను. ఇవాళ మట్టిలో పడకపోతే వీటి పని అయిపోయినట్టే. మీ గుంటల్లో ఎరువు వేశారా?”

“వేశాం. ఆముదం పిండి కూడా వేశాం.”

“అయితే అడ్డు లే.”

తడకలు దాటి వెళ్ళి, అతని గుంటల్లో వంగి గింజలు పెట్టడం మొదలెట్టింది. లవకుశ్ నోరు తెరుచుకుని నిలబడ్డాడు.

“అలా చూస్తావేం? నీ సొర మా ఇసుకలో, మా ఖర్బూజా మీ ఇసుకలో. చెల్లుకి చెల్లు. ఇంట్లో చెప్పకు. మా నాన్నకి తెలిస్తే పడవ ముంచేస్తాడు.”

“ఎవరి పడవ?”

“నీదే. ఇంకెవరిది?”

ఆమె పేరు శివకాంతి. పడమటి ఒడ్డు ఊరు. ఆ ఏడు వరద తీశాక గంగ నడుమ తేలిన ఇసుకదిబ్బని రెండొడ్ల వాళ్ళూ పంచుకున్నారు. పంచిపెట్టింది పడవ నడిపే భగౌతీ తాత. తాత మాటకి అక్కడ తిరుగులేదు.

ఆ రోజు నుంచి లవకుశ్ జీవితం గజిబిజి అయిపోయింది. తన మొక్కలకి నీళ్ళు పొయ్యాలంటే ఆమె మడిలోకి వెళ్ళాలి. ఆమె మొలకలు చూసుకోవాలంటే అతని మడిలోకి రావాలి. బిందెలతో ఎదురుపడి, ఒకరికొకరు దారి ఇవ్వబోయి, ఇద్దరూ ఒకే వైపు జరిగేవాళ్ళు.

“రోజూ మీ మడిలోకి వస్తుంటే ఎవరన్నా ఏమన్నా అనుకుంటారేమో,” అన్నాడొకసారి.

“వస్తే రా. ఎవరొద్దన్నారు?”

“అంటే, రమ్మంటున్నారా?”

“రావద్దని అనలేదు.”

ఆ రెంటికీ తేడా ఏమిటో ఆలోచిస్తూ అతను పడవ నడిపాడు. నడిపి నడిపి పక్కూరి రేవుకి చేరాడు.

మరోరోజు ఆమె గుడ్డలో చుట్టిన రొట్టెలు, ఆవాకు కూర అతని ముందు పెట్టింది.

“నాకా?”

“మిగిలాయి.”

రొట్టెలు చెయ్యి కాలేంత వేడిగా ఉన్నాయి. గంగ దాటి వచ్చిన మిగిలిపోయిన రొట్టెలు ఇంత వేడిగా ఎలా ఉన్నాయో అతనికి అంతుపట్టలేదు. పైకి మాత్రం, “ఉప్పు కాస్త ఎక్కువైంది,” అన్నాడు.

“రేపట్నించి ఇసుక తిను,” అని గుడ్డ లాక్కుంది. మర్నాడు మళ్ళీ తెచ్చింది. ఆ రోజు ఉప్పే లేదు. అతను నోరు మూసుకుని తిన్నాడు. ఎప్పుడు మానేశాడో తెలీదుగానీ, అప్పటికి ‘మీరు’ అనడం మానేశాడు.

ఆ తరవాత ఉన్నట్టుండి ఆమె మాట్లాడటం ఆపేసింది.

జరిగింది ఇదీ. ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని తడకకి తాడు బిగిస్తుంటే, భగౌతీ తాత పడవలోంచి ఏదో కేకేశాడు. గాలికి సరిగ్గా వినపడలేదు. లవకుశ్ గబుక్కున లేచి, “చెల్లెలి వరస తాతా! చెల్లెలి వరస!” అని రెండొడ్లకీ వినపడేలా అరిచాడు.

మర్నాడు శివకాంతి వచ్చింది, నీళ్ళు పోసింది, వెళ్ళిపోయింది.

“కోపమా?” అన్నాడు వెంటపడి.

“దేనికి?”

“అదే నేనూ అడుగుతున్నా.”

“నీకు తెలీనిది నేనెందుకు చెప్పాలి?”

రొట్టెల గురించేమో అనుకున్నాడు. ఉప్పు గురించేమో అనుకున్నాడు. చెల్లెలి మాట మాత్రం అతని బుర్రకి తట్టనే లేదు. మర్యాదగానే చెప్పాను కదా అనుకున్నాడు.

అంతలో చలి మళ్ళీ తిరగబడింది. ఒక సాయంత్రం గాలి పూర్తిగా పడిపోయి, ఆకాశం గాజులా తేటపడింది. అలాంటి సాయంత్రం వచ్చిందంటే తెల్లవారేసరికి ఆకుల మీద తెల్లమంచు పేరుకుంటుంది. లేత మొక్కలు మాడిపోతాయి. దిబ్బ మీద అందరూ గడ్డిమోపులతో ఉరుకులు పరుగులు పెడుతున్నారు.

లవకుశ్ దగ్గరున్న గడ్డి ఒక్క మడికే వస్తుంది. ఏ మడికి? సొర తనది. ఖర్బూజా తనది కాదు. కానీ ఆ మొలకలు రెండాకులు విప్పి నిన్ననే తలెత్తాయి, ఆమె వాటిని చూసి నిన్న నవ్వింది. ఇంక ఆలోచించలేదు. వంగి ఒక్కో మొలక మీదా గడ్డి కప్పుకుంటూ పోయాడు. చివరి గుంట దగ్గర గడ్డి అయిపోయింది. అమ్మకి ఏం చెప్పాలో తెలీక తలపట్టుకుని తడక అవతలికి వెళ్ళాడు.

సొరమొక్కలన్నీ గడ్డి కింద ఉన్నాయి. ఒక్కటి కూడా వదలకుండా, ఒద్దికగా కప్పి ఉన్నాయి. శివకాంతి పడవ అప్పటికే సగం పాయ దాటేసింది. వెనక్కి తిరిగి చూడలేదు.

కోపం ఉన్నవాళ్ళు ఇలా చేస్తారా? చేస్తే అది కోపమేనా? అతనికి ఆ సాయంత్రం అన్నం సయించలేదు.

వసంత పంచమి దాటి చలి కాస్త సడలింది. శివకాంతి నాన్న రామ్‌దులారే నడుం నొప్పి కూడా సడలింది. కర్ర ఊతంగా దిబ్బ మీదికి వచ్చాడు. తన మడిలో ఖర్బూజా తీగలు చూద్దామని వచ్చినవాడికి అరచేతులంత ఆకులతో సొరపాదులు ఎదురయ్యాయి.

ఇసుకకి పట్టాలుండవు. ఎవరి పాదు వేరు పట్టి నిలబడితే ఆ ఏడుకి ఆ ఇసుక వాళ్ళదే అవుతుంది. ఇలాంటి వాటికి అక్కడ కర్రలు లేచిన రోజులున్నాయి, తలలు పగిలిన రోజులున్నాయి.

“ఎవడ్రా మా ఇసుక కబ్జా చేసింది?” అని రామ్‌దులారే అరిచిన అరుపుకి పడమటి ఒడ్డు పడవలన్నీ దిబ్బ చేరాయి. సంగతి తెలిసి తూర్పు ఒడ్డు నుంచి కైలాసి కూడా వచ్చింది. ఆవిడ వెనక ఊళ్ళోవాళ్ళు, వాళ్ళ చేతుల్లో కర్రలు.

“కబ్జా కాదు బాబాయ్!” అన్నాడు లవకుశ్. “మంచులో కనపడక...”

“మంచులో ఒక గుంట తప్పుతుంది. రెండు తప్పుతాయి. మడి మొత్తం తప్పుతుందా?”

నిజమే. ఆ మాట లవకుశ్‌కే నమ్మబుద్ధి కాలేదు.

“మావాడు దొంగ కాదన్నా,” అంది కైలాసి. “మందమతి. కావాలంటే ఊరంతా సాక్ష్యం చెప్తుంది.”

భగౌతీ తాత గడ్డం గోక్కున్నాడు. “పరాయి ఇసుకలో పాదు ఉండటానికి లేదు. పీకెయ్యాల్సిందే.”

కైలాసి కొంగు నోటికి అడ్డుపెట్టుకుంది. చలికాలమంతా గడ్డి కప్పి బతికించిన మొక్కలు. రామ్‌దులారే వంగి మొదటి పాదు మొదట్లో చెయ్యి పెట్టాడు.

“నాన్నా, ముట్టుకోకు!”

శివకాంతి గుంపులోంచి ముందుకి వచ్చింది.

“మన ఖర్బూజా వాళ్ళ మడిలో నేనే పెట్టాను. అతను నాటేటప్పుడు నేను ఇక్కడే ఉన్నాను. మంచు చాటున. చూస్తూనే ఉన్నాను.”

“ఎప్పట్నించీ?”

“రెండో వరస నుంచీ.”

“మరి ఆపలేదేం?”

ఆమె శాలువా అంచు మెలిపెట్టింది. “పాట పాడుతున్నాడు.”

“ఏంటీ?”

“మొక్క నాటినప్పుడల్లా పాట పాడుతున్నాడు. ఏం బాగా పాడలేదు, రాగం తప్పింది. కానీ నేను కనపడితే ఆపేస్తాడని...” అని ఆగిపోయింది.

కర్రలు పట్టుకున్నవాళ్ళు వాటిని ఏం చెయ్యాలో తెలీక ఇసుకలో గుచ్చారు.

“అయితే ఆ రోజు నామీద అన్ని అరుపులు అరిచావెందుకు?” అన్నాడు లవకుశ్.

“మరేం చెయ్యాలి? చప్పట్లు కొట్టాలా?”

కైలాసి కొంగు చాటునుంచి పకపకా నవ్వేసింది.

రామ్‌దులారే నడుం పట్టుకుని ఇసుకలో కూర్చున్నాడు. కూతురివైపు చూశాడు. “అతనంటే నీకిష్టమా తల్లీ?”

“నన్నడక్కు. నన్ను చెల్లెలన్నాడు. రెండొడ్లకీ వినపడేలా అన్నాడు.”

అందరి తలలూ లవకుశ్ వైపు తిరిగాయి.

“అదీ... భగౌతీ తాత ఆ అమ్మాయెవరని అడిగితే... భయమేసి...”

“నేనడిగానా?” అన్నాడు తాత ఆశ్చర్యపోతూ. “పడవ కట్టడానికి తాడు అడిగానురా! చెల్లెలు, చెల్లెలు అని ఎందుకరిచావో నాకు ఇవాళ్టిదాకా అర్థం కాలేదు.”

ఈసారి రెండొడ్లవాళ్ళూ కలిసి నవ్వారు. లవకుశ్‌కి దిబ్బ మొత్తం వరదలో మునిగిపోతే బాగుండుననిపించింది.

“ఆ చెల్లెలి మాట వెనక్కి తీసుకుంటావా?” అన్నాడు రామ్‌దులారే.

“తీసుకుంటాను బాబాయ్.”

“ముందు ఆ బాబాయి కూడా వెనక్కి తీసుకో.”

పెద్దవాళ్ళు తడక నీడన కూర్చున్నారు. గోత్రాల గురించి కాసేపు మాట్లాడుకున్నారు. అంతలోనే మాట పల్లపు ఇసుకలో ఖర్బూజాకి తీపి ఎక్కువా తక్కువా అన్న దానిమీదికి మళ్ళింది. ఆ వాదం తేలకపోయినా, పంటలు కోశాక ముహూర్తం పెట్టుకుందామని మాత్రం తేలింది.

లవకుశ్ శివకాంతి పక్కకి వెళ్ళి నిలబడ్డాడు. “ఒకటి అడగనా?”

“వద్దు. అడిగింది చాలు. ఈసారి చెప్పు.”

అతను గొంతు సవరించుకున్నాడు. “నువ్వంటే నాకిష్టం. ఎప్పట్నించో సరిగ్గా తెలీదు. రొట్టెలప్పట్నించి అనుకున్నా. కాదు, గడ్డి కప్పినప్పుడు. కాదు కాదు, మంచులోంచి ఆ పార కనపడింది చూడు, అప్పుడే.”

“పారంటే ఇష్టమా, నేనంటేనా?”

“పార వెనక నువ్వున్నావు కదా!”

ఆమె నవ్వు దాచుకోవడానికి మొహం అటు తిప్పుకుంది. దాగలేదు. చెవి పక్కనుంచి బుగ్గ మీద సొట్ట కనిపిస్తూనే ఉంది.

నాన్న పిలుస్తుంటే పడవ వైపు నడిచి, మధ్యలో ఆగి వెనక్కి తిరిగింది.

“ఎల్లుండి కాకర గింజలు పెట్టాలి. పెందలాడే రా.”

“ఎవరి గుంటల్లో?”

శివకాంతి శాలువా ముక్కు దాకా లాక్కుంది.

“మన గుంటల్లో,” అంది.

పడవ పాయ మధ్యకి వెళ్ళేదాకా లవకుశ్ అక్కడే నిలబడ్డాడు. చాలారోజుల తరవాత, ఆమె అన్న మాటకి అర్థమేమిటో అతను ఆలోచించుకోవాల్సిన పని పడలేదు.