రంగు నిలవని పక్క

ఖుర్షీదా గవర్నర్‌పేటలోని డిటెక్టివ్ ఆఫీసులోకి వచ్చి, కూర్చోకుండానే కేసు చెప్పింది. ఆమె తమ్ముడు తారిక్ ఆటోనగర్‌లో బస్సులకు రంగు వేస్తాడు. నిన్న రంగు వేసిన బస్సుకు ఒక పక్క పెయింటులో చిన్న చిన్న గుంటలు పడ్డాయి. షెడ్డు యజమాని వెంకటకృష్ణారావు అతణ్ణి గెంటేసి, పెయింటులో కల్తీ కలిపాడని షెడ్లవాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. ఇక అతనికి ఎక్కడా పని దొరకదు.

డిటెక్టివ్ బాలసరస్వతి ఒకప్పుడు పాలిమర్ ల్యాబులో పనిచేసింది. కేసు వినగానే కుర్చీలోంచి లేచింది. ఆవిడకు కోపమొచ్చిందని అసిస్టెంటు శరత్‌చంద్రకు అర్థమైంది. బండి తాళాలు తీసుకున్నాడు.

వాళ్లు షెడ్డుకి వెళ్లేసరికి వెంకటకృష్ణారావు పసుపు గుడ్డతో తన కారు డ్యాష్‌బోర్డును తళతళలాడేలా తుడుచుకుంటున్నాడు. ఒకడి బతుకు బజారున పడేసి ఎంత తీరికో అనుకున్నాడు శరత్. బస్సు కుడి పక్క నున్నగా ఉంది. గేటు వైపున్న ఎడమ పక్కన మాత్రం పెయింటు చుక్కలు చుక్కలుగా వెనక్కి తగ్గి, అడుగు పూత కనిపిస్తోంది. ఆ గుంటలు వంపు చారల్లో ఉన్నాయి, అదీ చెయ్యి అందేంత ఎత్తు వరకే.

రెండు పక్కలకీ ఒకే డబ్బా వాడారా అని ఆవిడ అడిగింది. ఒకటేనని సూపర్‌వైజర్ జోయెల్ చెప్పాడు. రంగు వేయకముందు తారిక్ బస్సంతా శుభ్రం చేసి టీకి వెళ్లినప్పుడు, బస్సు ఇచ్చిన పార్టీ వచ్చిందని, సారే దగ్గరుండి బస్సు చూపించారని నసిగాడు.

బాలసరస్వతి అందరినీ, తారిక్‌నీ ఖుర్షీదానీ కూడా, పిలిపించింది. శుభ్రమైన రేకును సగం తారిక్ గుడ్డతో, సగం పసుపు గుడ్డతో తుడిచి, అదే డబ్బాలోని పెయింటు తారిక్‌తో కొట్టించింది. పసుపు గుడ్డ వైపు చూస్తుండగానే గుంటలు పడ్డాయి.

"డ్యాష్‌బోర్డు పాలిష్‌లో సిలికాన్ నూనె ఉంటుందండీ. దాని అణువులు పొడుగాటి గొలుసులు. ఆ గొలుసులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకోవు. అందుకే దాని తలతన్యత, అంటే పైపొర బిగువు, బాగా తక్కువ. అది ఉన్నచోట నిలిచిన రంగుని చుట్టూ ఉన్న పెయింటు తనవైపు లాగేసుకుంటుంది. పార్టీ ముందు మెరవాలని బస్సు తుడిచింది మీరే," అని వెంకటకృష్ణారావుతో అంది బాలసరస్వతి.

"దుమ్ముందని తుడిచాను. ఇలా అవుద్దని నాకేం తెలుసండీ?" అన్నాడు వెంకటకృష్ణారావు.

"తుడిచినప్పుడు తెలీదు. తర్వాత?" అడిగింది ఆవిడ.

అప్పుడు జోయెల్ తలెత్తాడు. సారు తుడిచినచోటే చెడిందని తాను నిన్ననే ఆయనతో చెప్పానని, నోరు మూసుకోమన్నారని బయటపెట్టాడు. శరత్‌కు ఒళ్లు మండిపోయింది. తన తప్పు కప్పిపుచ్చుకోవడానికి ఇంకొకడి నోటి దగ్గర కూడు లాగేశాడీ పెద్దమనిషి.

వెంకటకృష్ణారావు ఫోను తీసి, చిన్న పొరపాటు జరిగిందని గ్రూపులో రాయబోయాడు. ఖుర్షీదా వచ్చి పక్కన నిలబడింది.

"పొరపాటు కాదండీ. అబద్ధం చెప్పానని రాయండి. నిన్న మా తమ్ముడి పేరు రాశారుగా, ఇవాళ మీ పేరు రాయండి."

ఆయన రాసి పంపేదాకా ఆమె కదల్లేదు. తర్వాత ఆయన, రేపొచ్చి బస్సు పూర్తిచేయమని తారిక్‌ను అడిగాడు. తారిక్ అప్పటికే స్ప్రే గన్ కడిగి సంచిలో పెట్టుకున్నాడు. ఆ సంచి భుజాన వేసుకుని అక్కతో గేటు వైపు నడిచాడు.