లైన్లో చుట్టరికం

తమ్ముడి సంచిలో రెండు చొక్కాలు, స్పానర్లు, ఏసీ గ్యాస్ సిలిండర్ సర్దింది అక్క. సిలిండర్లో గ్యాస్ లేదు. డ్రోన్ల సిగ్నల్ పట్టే రిసీవర్ ఉంది. పైన ఒక స్వెటర్ కుక్కింది.

"ఏసీ మెకానిక్‌కి స్వెటరేంటక్కా? చూసినవాడు నవ్విపోతాడు."

"నవ్వనీ. ఏసీ గదుల్లో వణికే చేత్తో ఏం బాగుచేస్తావు?"

ఇద్దరిదీ గూఢచారి శాఖే. ఆమె కంట్రోల్ ఆఫీసర్, వాడు ఫీల్డ్ ఏజెంట్. సరిహద్దు అవతలి ముఠా ఒకటి పైలట్ అక్కర్లేని, తమ గురి తామే చూసుకునే డ్రోన్ల దండును తయారుచేసింది. దాన్ని ఈ నగరం మీదికి ఎప్పుడు వదులుతారో కనిపెట్టడమే వాడి మిషన్. నగరానికున్న కాపలా క్షిపణుల కవచం ఒక్కటే. దాని కోడ్ పేరు గొడుగు.

"లైన్లో చుట్టరికాలు వద్దు, మేడమ్ అనే పిలువు. విన్నవాడు నిన్ను పట్టుకుని నన్ను ఆడిస్తాడు."

"చిత్తం మేడమ్ గారూ. తమరు మాత్రం ఏడవకండి, లైన్ తడుస్తుంది."

కొన్నాళ్ళు "మేడమ్" అంటూనే రిపోర్టులు వచ్చాయి. తర్వాత లైన్ మూగబోయింది. అక్క తన ఫోన్లో దాచుకున్న వాడి పాత వాయిస్ మెసేజ్‌లు వింటూ కూర్చునేది. ప్రతిదీ "అక్కా" అనే మొదలయ్యేది.

ఒక మధ్యాహ్నం ఆఫీసు లైన్ మోగింది.

"అక్కా, నేనే. వాళ్ళ పెద్ద డ్రోన్‌ని ఎత్తుకొచ్చేశా. హెలికాప్టర్లో ఉన్నా. గొడుగు ముడిచెయ్, లేకపోతే నన్నే కూల్చేస్తారు."

ఆ గొంతు, అందులోని చిన్న బొంగురు, అన్నీ వాడివే.

పక్క సీట్లో వాయిస్ నిపుణురాలు. మనిషి కంటే ముందు సెంటు వాసన వస్తుందని ఆఫీసంతా సెంటమ్మ అంటారు. కిందటి నెల వైరస్ తీసిపెడతానని అక్క ఫోన్ పట్టుకెళ్ళింది ఈవిడే.

"నూటికి తొంభైతొమ్మిది మ్యాచ్, మేడమ్. మీవాడే. ముడిచెయ్యండి."

రాడార్ మీద ఒకే ఒక చుక్క దగ్గరవుతోంది. ప్రాణం మీదికొస్తే ఎవరైనా నియమాలు మర్చిపోరా? అక్కా అని పిలవరా?

"అక్కా, తొందరగా."

ఇన్నాళ్ళూ వినాలని చెవికోసుకున్న మాట. కానీ ఈ లైన్లో వాడు ఆ మాట అనడు. ఆ మాట ఉన్నది తన ఫోన్లో. ఆ ఫోన్ ఎవరి చేతికి వెళ్ళిందో గుర్తొచ్చి పక్కకు తిరిగింది. సెంటమ్మ చెయ్యి గొడుగు స్విచ్ వైపు సాగుతోంది. అక్క ఆ మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"గొడుగు అలాగే ఉండనీండి. పేల్చండి."

క్షిపణి తగిలే ముందు ఆ చుక్క ముక్కలై దండుగా విడిపోయింది. అన్నీ గొడుగు అంచునే కాలి రాలాయి. శిథిలాల్లో మనిషి కూర్చునే చోటే లేదు. లైన్ మాత్రం ఎవరో ప్లగ్ పీకేదాకా "అక్కా, అక్కా" అని పిలుస్తూనే ఉంది.

బేడీలు వేస్తుంటే సెంటమ్మ అడిగింది. "నేను తయారుచేసిన గొంతులో వెంట్రుకవాసి తేడా లేదు. ఎక్కడ తప్పాను?"

"మర్యాద తప్పావు," అంది అక్క.

ఆమె తమ్ముడు జూన్ మొదటి సోమవారం వెళ్ళాడు. తిరిగి రాలేదు.